కోతి పేగు, మనిషి పేగు, మధ్యలో మందుబిళ్ళ

(సూర్యాపేటలో చేసిన స్మారక ఉపన్యాసం పాఠం)



ఈ సభ కరపత్రంలో కోతి అన్న మాట చూసి కోదాడ వైపు రైతు ఒకాయన నాకు ఫోన్ చేశారు. "మా చేన్ల పడి మక్క కంకులు ఇరుస్తున్నయి, ఇండ్లల్ల దూరి గిన్నెలు ఎత్తుకపోతున్నయి. మీ ల్యాబులల్ల మందులు పరీక్ష చేసెతందుకు కోతులు కావాల్నంట గద సారూ. వచ్చి పట్టుకపోరాదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ అందులో రెండు న్యాయమైన ప్రశ్నలున్నాయి. మందుల పరీక్షకు నిజంగా కోతి కావాలా? కావాలంటే మన చేలో కోతి ఎందుకు పనికిరాదు? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది.

ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ మాస్టారి దగ్గర ప్రకృతిశాస్త్రం చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. జవాబు తప్పు చెబితే ఆయన ఏమీ అనేవారు కారు. ఒప్పు చెప్పినవాడికే చిక్కు. "ఎట్ల తెలిసింది?" అని నిలబెట్టేవారు. పుస్తకంలో ఉంది సార్ అంటే, "పుస్తకానికి ఎట్ల తెలిసింది?" అనేవారు. మందుల శాస్త్రానికి ఈ ప్రశ్నే ప్రాణసంకటం. కొత్త మందు మనిషి ఒంట్లో ఏం చేస్తుందో, మనిషికి ఇవ్వకముందే తెలియాలి. అలా తెలిసిందనుకుని మనుషుల మీద ప్రయోగానికి తెచ్చిన మందుల్లో పదింట తొమ్మిది అంగడి దాకా రావు.

బత్తాయితో మొదలుపెడతాను. నల్గొండ బత్తాయి సంగతి మీకు నేను చెప్పేదేముంది. మన సాత్‌గుడి బత్తాయి తీపినారింజ జాతిది. ఆ జాతికీ పంపరపనసకూ పుట్టిన సంకరమే అమెరికా, కెనడాల్లో పొద్దున్నే తాగే గ్రేప్‌ఫ్రూట్. 1980ల చివర కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త, ఫెలోడిపిన్ అనే బీపీ మందు వేసుకున్నవాళ్లు మద్యం తాగితే ఏమవుతుందో చూడబోయాడు. తాగుతున్నది మద్యమో కాదో తెలియకుండా ఉండటానికి దాన్ని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చాడు. తీరా చూస్తే రక్తంలో మందు ఉండవలసిన దానికి కొన్ని రెట్లు ఉంది. మద్యం కలపని రసం తాగినవాళ్లలోనూ అంతే. మద్యం కథ పక్కకుపోయి, పండు కథ 1991లో లాన్సెట్ పత్రికకెక్కింది.

జరిగింది ఇది. మనం మింగిన బిళ్ళ నేరుగా రక్తంలోకి పోదు. చిన్నపేగు లోపలి పొర దాటాలి. ఆ పొరలోని కణాల్లో సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ ఉంది; వచ్చిన మందును అక్కడికక్కడే విరగ్గొడుతుంది. పక్కనే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంది. లోపలికి వచ్చిన మందును మళ్లీ పేగులోకే తోసేస్తుంది. ఈ రెంటినీ తప్పించుకున్నది కాలేయానికి పోతుంది, అక్కడ ఇంకో వడపోత. గ్రేప్‌ఫ్రూట్ రసంలోని కొన్ని పదార్థాలు పేగులోని ఆ ఎంజైమ్‌ను పాడుచేస్తాయి. కాపలా లేకపోయేసరికి మందంతా లోపలికి పోయింది. పంపరపనసలోనూ ఆ గుణం ఉంది. బత్తాయిలో చెప్పుకోదగ్గంత లేదు, కాబట్టి రసం బండ్ల వాళ్లు బెంగపడనక్కరలేదు. అప్పటిదాకా మందుల పుస్తకాల్లో కాలేయానిదే రాజ్యం. పేగును మందు పోయే దారిగానే చూసేవాళ్లు. అది తూము కాదు, చెక్‌పోస్టు అని ఒక పండురసం నేర్పింది.

ఇప్పుడు కోతి దగ్గరికి వద్దాం. కొత్త మందు మనిషికి ఇవ్వబోయే ముందు ఎలుకలో ఒకసారి, ఎలుక కాని ఇంకో పెద్ద జంతువులో ఒకసారి చూడాలన్నది చాలాకాలంగా లోకమంతటా ఉన్న పద్ధతి. ఆ రెండో జంతువు చాలాసార్లు కుక్క. కొన్ని మందులకు, ముఖ్యంగా యాంటీబాడీ మందులకు, కోతి. ఎక్కువగా వాడేది సైనోమోల్గస్ అనే పొడుగుతోక కోతి. మన దేశంలో అది నికోబార్ దీవుల్లో తప్ప ఇంకెక్కడా లేదు. కోతి మనకు దగ్గరి చుట్టం కాబట్టి దాని పేగూ మన పేగులాగే పనిచేస్తుందని అనుకోవడం సహజమే. ఎట్ల తెలిసింది అని అడిగితే మాత్రం తడబడాలి.

మిడజోలం అనే మత్తుమందు ఉంది, ఆపరేషన్ థియేటర్లలో పనిచేసేవాళ్లకు తెలుసు. నోటి ద్వారా ఇస్తే మనిషిలో సుమారు మూడోవంతు రక్తంలోకి చేరుతుంది. సైనోమోల్గస్ కోతిలో చేరేది అందులో చాలా కొంచెం. సూదిమందుగా ఇస్తే ఇంత తేడా కనిపించదు. అంటే గండి కొట్టేది ముఖ్యంగా పేగే. కోతి పేగు ఆ ఎంజైమ్ కుటుంబంతో మనకంటే చురుగ్గా మందును విరగ్గొడుతుంది. ఇలాంటి మందులు ఇంకా ఉన్నాయి. కోతి లెక్క చూసి "ఇది రక్తంలోకే పోవడం లేదు" అని పక్కన పడేస్తే, మనిషికి పనికొచ్చే మందు ఒకటి పోయినట్టే.

తప్పు రెండోవైపు జరిగితే ఇంకా ప్రమాదం. 2006 మార్చి 13న లండన్‌లో నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ఆరుగురు ఆరోగ్యవంతులైన యువకులకు టీజీఎన్ 1412 అనే యాంటీబాడీ మందు ఇచ్చారు. కోతులకు ఏ ఇబ్బందీ కలిగించని మోతాదులో ఐదువందల వంతు మాత్రమే ఇచ్చారు. గంటన్నర లోపే ఆరుగురూ కుప్పకూలారు. అవయవాలు ఒక్కొక్కటే మొరాయించాయి; ఇంటెన్సివ్ కేర్‌లో పెట్టి అందరినీ బతికించారు. ఆ మందు పట్టుకునే గుర్తు మన తెల్లరక్తకణాల్లో ఒక రకం మీద ఉంటుంది. కోతుల్లో అదే రకం కణాల మీద ఉండదు. అది పేగు కథ కాదు, రోగనిరోధక శక్తి కథ. అయినా చెప్పాను, చుట్టరికం మీద ఎంత నమ్మకం పెట్టుకోవచ్చో తెలియడానికి.

అలాగని కోతి అక్కరలేదని చప్పట్లు కొట్టించుకుని దిగిపోవడం నాకు ఇష్టం లేదు. థాలిడమైడ్ అనే మందు కడుపులో బిడ్డల కాళ్లూ చేతులూ తినేసింది. ఆ హాని ఎలుకలు చాలావరకు చూపించలేదు. తర్వాత పరీక్షించిన కోతులు చూపించాయి. మన హైదరాబాద్ సంగతే చూడండి. 2020లో జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ కొవాగ్జిన్ తయారుచేస్తున్నప్పుడు, పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ 20 రీసస్ కోతుల మీద దాన్ని పరీక్షించింది. నాలుగు గుంపులు, గుంపుకు ఐదు. టీకా వేసిన కోతుల ఊపిరితిత్తుల్లో వైరస్ నిలవలేదు. అప్పుడు ఆ కోతుల్ని సంపాదించడమే ఒక పెద్ద పని అయింది. అడవిలో వెతికి పట్టించి, క్షయ వంటి జబ్బులేమీ లేవని తేల్చుకున్నాకే వాడుకున్నారు.

కోదాడ రైతుకు జవాబు ఇందులోనే ఉంది. చేలో కోతి వయసెంతో తెలియదు, ఏ జబ్బులు మోస్తోందో తెలియదు, నిన్న ఏం తిన్నదో తెలియదు. దాని మీద వచ్చిన ఫలితం మందుదో జబ్బుదో చెప్పలేం. పైగా రీసస్ జాతి కోతుల్లో హెర్పిస్ బి అనే వైరస్ ఉండొచ్చు. మనిషికి సోకడం అరుదే గానీ సోకితే ప్రాణాంతకం. చట్టమూ ఒప్పుకోదు. జంతువుల మీద ప్రయోగానికి కేంద్ర కమిటీ అనుమతి, నమోదైన కేంద్రం, లెక్కలు, తనిఖీలు ఉన్నాయి. ఇంకో మాట. మన వైపు తిరిగే కోతులన్నీ ఒకటి కావు. దక్షిణాది సొంత జాతి బానెట్ కోతి. ఉత్తరాది రీసస్ కిందికి జరుగుతూ దాని తావులు ఆక్రమిస్తోందని 2011లో ఒక సర్వే తేల్చింది. చేను పోయిన రైతుకు రెండూ కోతులే, అది నేను కాదనను. పంట నష్టం ఆపే దారి ప్రయోగశాలలో దొరకదు. అది 2020 చివర నిర్మల్ దగ్గర పెట్టినటువంటి కోతుల పునరావాస, కుటుంబ నియంత్రణ కేంద్రాలు ఎన్ని వస్తాయన్నదాని మీద ఉంటుంది.

పాత కథ కూడా తెలియాలి. 1950లలో పోలియో టీకా తయారీకి కోతి మూత్రపిండాల కణాలు కావలసివచ్చి, మన దేశం నుంచి ఏడాదికి లక్షకు పైగా రీసస్ కోతులు విదేశాలకు పోయాయి. వైద్యానికే అని తీసుకుపోయినవాటిని అమెరికాలో అణుధార్మిక ఆయుధ పరీక్షలకు వాడారని తేలాక, 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతి మాన్పించింది. 2020లో చైనా కూడా తన కోతుల ఎగుమతి ఆపేసింది. అప్పటి నుంచి అంతర్జాతీయ అంగట్లో కోతి ధర చుక్కలు చూసింది. కోతుల మీద దయతో కొందరు, కోతులు దొరక్క కొందరు, మొత్తానికి అందరూ గాజుపళ్లెం వైపు చూడటం మొదలుపెట్టారు.

గాజుపళ్లెంలో పేగు కొత్త ఆలోచనేం కాదు. కాకో-2 అనే కణాలు 1977లో ఒక రోగి పెద్దపేగు క్యాన్సర్ గడ్డ నుంచి తీసినవి. సన్నని పొర మీద మూడు వారాలు పెంచితే పేగు గోడలాగా పరుచుకుంటాయి. పైన మందు పోసి కింద ఎంత దిగిందో కొలవొచ్చు. మందుల కంపెనీల్లో మన పిల్లలు ఇవాళ్టికీ చేసే పరీక్ష ఇదే. లోపమల్లా, ఇందాక చెప్పిన చెక్‌పోస్టు ఎంజైమ్ ఈ కణాల్లో దాదాపు లేదు. బిళ్ళ దాటిందా లేదా చెబుతాయి గానీ, దాటేలోపు ఎంత విరిగిందో చెప్పలేవు.

2007లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ ప్రయోగశాల పేగు మూలకణాన్ని పట్టుకుంది. మన పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి మొత్తం మారిపోతుంది. పొర అడుగున సన్నని గుంటలుంటాయి. వాటి అడుగున ఎల్‌జీఆర్5 అనే గుర్తున్న కణాలు విడవకుండా విభజన చెందుతూ కొత్త కణాల్ని పైకి పంపుతుంటాయి. క్యాన్సర్ మందులు వేసుకున్నవాళ్లకు విరేచనాలు ఎందుకు పట్టుకుంటాయో ఇక్కడే తెలుస్తుంది. వేగంగా విభజన చెందే కణాన్ని చంపే మందుకు గడ్డ అయినా ఒకటే, పేగు గుంట అయినా ఒకటే. 2009లో అదే ప్రయోగశాలలో తోషిరో సాతో అలాంటి కణాన్ని ఒక్కదాన్ని మెత్తని జిగురులో పెట్టి, ఈజీఎఫ్, నాగిన్, ఆర్-స్పాండిన్ అనే మూడు ప్రొటీన్లు పోశాడు. నరం లేదు, నెత్తురు లేదు, చుట్టూ ఏ ఇతర కణమూ లేదు. అయినా ఆ ఒక్క కణం నుంచి గుంటలతో, పీల్చుకునే కణాలతో, జిగురు కార్చే కణాలతో సూక్ష్మమైన పేగు తయారైంది. వీటినే ఆర్గనాయిడ్లు అంటున్నారు.

అయితే ఇందుకు పేగు ముక్క కావాలి. ముక్క కోయకుండా చేసే దారి యమనాక అనే జపాన్ శాస్త్రవేత్త చూపించాడు. 2006లో ఎలుక చర్మకణంలోకి నాలుగు జన్యువుల్ని పంపి దాన్ని మళ్లీ పిండదశకు తిప్పాడు. 2012లో నోబెల్ వచ్చింది. 2008 కల్లా రీసస్ కోతి కణాలతోనూ అది సాధ్యమైంది. అంటే కోతి చెవి దగ్గర చిటికెడు చర్మం తీసుకుంటే చాలు, కోతి ఎప్పటిలా బతుకుతుంది, దాని కణాలు ఏళ్ల తరబడి మన దగ్గర పెరుగుతాయి. ఆ కణాల్ని పేగుగా మలచే వరస అమెరికాలోని సిన్సినాటిలో జేసన్ స్పెన్స్, జేమ్స్ వెల్స్ 2011లో మనిషి కణాలతో చూపించారు. కడుపులో పిండం ఏ వరసలో పేగు తయారుచేసుకుంటుందో అదే వరస. మూడు రోజులు ఆక్టివిన్ అనే ప్రొటీన్ పోస్తారు; కణాలు లోపలి అవయవాలయ్యే పొరగా మారతాయి. తర్వాత నాలుగు రోజులు మరో రెండు ప్రొటీన్లు; అంతటితో పేగు అయ్యే దారి ఖాయమవుతుంది. అప్పుడు చూడముచ్చటైన పని జరుగుతుంది. పళ్లెం అడుగున పరుచుకున్న పొర నుంచి చిన్న చిన్న గుండ్రని బుడిపెలు వాటంతటవే ఊడి పైకి తేలతాయి. వాటిని ఏరి జిగురులో పెడతారు. నెల రోజులకు ఒక్కొక్కటి మడతలు పడి, నడుమ బోలుగా, లోపలి గోడ మీద పీల్చుకునే కణాలతో పేగవుతుంది. 

ఇప్పుడు అసలు మాట. మనిషి కణాలతోనే పేగు చేయగలిగినప్పుడు కోతి కణాలతో ఎందుకు? నన్ను చాలామంది డాక్టర్లే అడిగారు. మిర్యాలగూడ వాళ్లకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. మిల్లుకు లారీ వస్తుంది. బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, తేమ చూసి, శాంపిల్ ఆడించి, క్వింటాలుకు బియ్యం ఎంత పడుతుందో, నూక ఎంతో చెబుతారు. ఆ గుప్పెడు మాట నమ్మొచ్చా? లారీ మొత్తం ఆడించాక వచ్చిన బియ్యంతో పోల్చుకుని, ఎన్నో సీజన్లు సరిచూసుకున్నాకే నమ్మకం కుదిరింది. పళ్లెంలో పేగు ఆ గుప్పెడు లాంటిది. మనిషి విషయంలో లారీ ఆడించే వీలు లేదు. కొత్త మందులన్నీ మనుషులకిచ్చి సరిచూడలేం. కోతి విషయంలో లారీ ఎప్పుడో ఆడించేశారు. దశాబ్దాలుగా వందల మందుల్ని కోతులకిచ్చి రక్తంలో ఎంత చేరిందో రాసిపెట్టిన లెక్కలు కంపెనీల బీరువాల్లో ఉన్నాయి. కాబట్టి కోతి ఆర్గనాయిడ్‌కు అవే మందులు ఇచ్చి చూడొచ్చు. మిడజోలం ఇస్తే అది కూడా కోతిలాగే విరగ్గొట్టిందా? విరగ్గొడితే పద్ధతి నిలిచింది. అప్పుడు అదే పద్ధతిలో చేసిన మనిషి ఆర్గనాయిడ్ మాటకు విలువ వస్తుంది. పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ మందుకు కోతి లెక్కను నమ్మాలా, తీసిపారేయాలా అన్నదీ తేలుతుంది. దీనికోసం కొత్తగా ఒక్క కోతిని కూడా కోయనక్కరలేదు. చచ్చిన కోతుల లెక్కలు బతికున్నవాటిని కాపాడే వీలు నాకు తెలిసినంతలో ఇదొక్కటే. కోతి జంట లేని మనిషి ఆర్గనాయిడ్‌ను చూపించి జంతు ప్రయోగాలు రేపే మానేస్తాం అనేవాళ్లను మాస్టారు నిలబెట్టి ఉండేవారు.

లోపాలు దాచను. మూలకణం నుంచి వచ్చిన పేగు పుట్టబోయే బిడ్డ పేగులా ఉంటుంది. పెద్దవాళ్ల పేగులో ఉన్నంత ఎంజైమ్ అందులో ఉండదు. ముదరబెట్టడానికి ఏవేవో మందులు కలుపుతున్నారు, కొంత ఫలితం ఉంది. రెండోది, మందు తగలవలసిన వైపు లోపలికి తిరిగి ఉంటుంది. బయట పోసిన మందు నెత్తురు వైపు నుంచి తగులుతుంది. సన్నని సూదితో లోపలికి ఎక్కించడం, విడదీసి పొర మీద పరచడం, లోపలివైపు బయటికి తిప్పడం, ఇలా మూడు దారులు పట్టారు. పొర మీద పరచడమే మందుల కంపెనీలకు కుదిరే పని అని నా అభిప్రాయం. రక్తనాళాలు, నరాలు, సూక్ష్మజీవులు ఉండవు. ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందు విరేచనాలు తెచ్చేది, కాలేయం కట్టిపడేసిన దాన్ని పేగు బాక్టీరియా మళ్లీ విప్పడం వల్ల. బాక్టీరియా లేని పేగు ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు. ఇక ఆ మెత్తని జిగురు సంగతి. అందరూ వాడే మాట్రిజెల్‌ను ఎలుకల్లో పెంచిన గడ్డ నుంచి తీస్తారు. జంతువులు లేని పరీక్ష అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఈ వాక్యం నెమ్మదిగా చదువుతారు.

చెప్పుకోదగ్గ విజయాలూ ఉన్నాయి. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు రోగుల పేగు చివర నుంచి తీసిన ఆర్గనాయిడ్లకు మందు తగిలితే ఉబ్బుతాయని 2013లో నెదర్లాండ్స్‌లో చూపించారు. ఉబ్బినదాన్ని బట్టి ఏ రోగికి ఏ మందు పనిచేస్తుందో ఎంచుకున్నారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ను దాదాపు యాభై ఏళ్లు ఎవరూ ప్రయోగశాలలో పెంచలేకపోయారు. 2016లో అమెరికాలో మేరీ ఎస్టెస్ బృందం మనిషి పేగు ఆర్గనాయిడ్లలో పెంచింది.

హైదరాబాద్ ఇందులో వెనకబడి లేదు. సీసీఎంబీ పరిశోధన సంస్థ ప్రాంగణంలోని అటల్ ఇంక్యుబేషన్ సెంటర్‌లో మనిషి కణాల నమూనాలకోసమే ఒక కేంద్రం ఉంది. 2020లో సీసీఎంబీ, బెంగళూరు ఐస్టెమ్ సంస్థతో కలిసి మనిషి ఊపిరితిత్తుల కణాల్లో కరోనా వైరస్‌ను పెంచే పని చేపట్టింది. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పరిశోధకులు మూలకణాల నుంచి రెటీనా ఆర్గనాయిడ్లు చేస్తున్నారు. జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది. అంటే కోతి కణమూ, పళ్లెమూ, మందుల కంపెనీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. చట్టం దారి కూడా తెరుచుకుంది. అమెరికా 2022 డిసెంబర్‌లో, మన దేశం 2023 మార్చిలో కొత్త మందుల నిబంధనలు సవరించి, ఆర్గనాయిడ్ల వంటి పరీక్షల ఫలితాల్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చన్నాయి.

ఇక మన జిల్లాల పని. కోతి, మనిషి ఆర్గనాయిడ్ల జంటలో మనిషి సగం ఎవరిది? ఇప్పుడున్న మనిషి ఆర్గనాయిడ్లలో ఎక్కువ భాగం యూరప్, అమెరికా వాళ్ల కణాలవి. పేగు అందరికీ ఒకటి కాదు. ఆరోగ్యంగా ఉన్న దక్షిణ భారతీయుల పేగు లోపలి వేళ్లలాంటి చూషకాలు పాశ్చాత్యుల కంటే పొట్టిగా ఉంటాయని వెల్లూరు వైద్యులు దశాబ్దాల కిందటే గమనించారు. నీళ్లు, చిన్నప్పటి విరేచనాలు అందుకు కారణాలని అనుకుంటారు. నోటి ద్వారా వేసే రోటావైరస్ టీకాలు యూరప్ పిల్లల్లో పనిచేసినంతగా మన పిల్లల్లో పనిచేయవు. హైదరాబాద్‌లో తయారయ్యే రోటావాక్‌కు మన దేశంలో జరిగిన ప్రయోగంలో మొదటి ఏడాది సుమారు 55 శాతం రక్షణ వచ్చింది. యూరప్‌లో ఇలాంటి టీకాలకు 90 దాటింది. అమెరికావాడి పేగులో పరీక్షించిన బిళ్ళ మూసీ కింద, సాగర్ ఎడమ కాలువ కింద బతికిన పేగులో ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పేగు కావాలి.

అదేమంత అసాధ్యం కాదు. 2019 నుంచి సూర్యాపేటలోనూ నల్గొండలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. వేరే జబ్బుకు ఆపరేషన్ చేసినప్పుడు కోసి పారేసే పేగు అంచులో గోరంత ముక్క చాలు. చల్లని ద్రవంలో, నాలుగు డిగ్రీల దగ్గర పెడితే ఒక రోజు బతుకుతుంది. విజయవాడ హైవే మీద హైదరాబాద్ మూడు గంటల దారి. ఐస్ డబ్బా ఖర్చు పెద్దది కాదు. కావలసింది కళాశాల ఎథిక్స్ కమిటీ అనుమతి, హైదరాబాద్‌లో తీసుకునేవాళ్లతో ఒప్పందం, రోగికి అర్థమయ్యే తెలుగులో ఒక సమ్మతి పత్రం. మీ కణాలతో ఏం చేస్తారు, ఎంతకాలం ఉంచుతారు, మందు తయారై లాభం వస్తే అందులో మీకేమైనా ఉంటుందా, వద్దనుకుంటే ఎప్పుడు వెనక్కి తీసుకోవచ్చు, ఇవన్నీ అందులో ఉండాలి. మూడో ప్రశ్నకు తిన్నగా జవాబు దొరకడం కష్టం. నేను రాసిన ముసాయిదాలోనూ అక్కడ ఖాళీ గడి ఉంది. దాని కాపీలు బయట బల్ల మీద పెట్టించాను. వైద్య విద్యార్థులతో పాటు వకీళ్లు, మిల్లు గుమాస్తాలు, కరపత్రం చూసి ఫోన్ చేసిన ఆ రైతు వచ్చి ఉంటే ఆయన కూడా తలా ఒకటి తీసుకుని, అర్థంకాని ప్రతి వాక్యం కింద గీత గీసి నాకు పంపండి.